బొటనవేలంత జాగా

సుద్దగీతకి అవతల బొటనవేలు ఆనించి, కుట్టుకని అంత జాగా వదిలి పక్కింటావిడ జాకెట్ గుడ్డ కత్తిరిస్తూ ఆగిపోయాను. కత్తెర నోరు తెరుచుకునే ఉంది. మా సంఘం నడిపే ఆంటీకి ఇచ్చిన కాగితాల్లో ఈ జాగా వదల్లేదు!

ఆ కాగితాలు స్కూలు యూనిఫాం గౌన్ల కోసం పాత న్యూస్‌పేపర్లతో నేను కోసిచ్చిన అచ్చులు. తమిళనాడు శిబిరాల్లో ఏళ్ళ తరబడి తలదాచుకుని, యుద్ధం ఆగాక శ్రీలంకలో తమ ఊరికి తిరిగొచ్చిన ఆడవాళ్ళకి ఈ పరాయిదేశంలో ఉంటున్న మా ఆడవాళ్ళ సంఘం కుట్టుమిషన్లు ఇచ్చింది. ఆ ఊరి బడి మొదటిసారి వాళ్ళని నమ్మి ఒక తాను గుడ్డ ఇచ్చింది. "పారిపోయినవాళ్ళకి ఇక్కడి పనులేం తెలుసు" అని ఊళ్ళో అప్పటికే అంటున్నారట. నా అచ్చులు పెట్టి అంచు వెంటే కోసి కుడితే ఏ గౌనూ ఏ పిల్లకీ పట్టదు. గుడ్డా పోతుంది, వాళ్ళ మాటా పోతుంది.

నేను అచ్చు సరిగ్గా కొలతకే కోస్తాను. కుట్టుకి కావలసిన జాగా గుడ్డ మీద వేలితో వదులుతాను. మా ఊళ్ళో నేర్పినావిడ అలాగే నేర్పింది. లోకమంతా అలాగే కోస్తుందనుకున్నాను; అచ్చు అంచు వెంటే కోసేవాళ్ళుంటారని తట్టలేదు.

ఆ అచ్చులు తీసుకుని ఆంటీ శ్రీలంక వెళ్ళే విమానం మర్నాడు పొద్దునే. బుకిట్ పంజాంగ్ పేటలో వాళ్ళింటికి ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్. వాళ్ళమ్మాయి ఫోన్ తీగకే తగిలించి ఇంటర్నెట్ పెట్టిందంటే ఇక ఆ లైను దొరకదు.

"ఎన్నిసార్లు నొక్కుతావే, ఆ బటన్లు అరిగిపోతాయి" అన్నారు మా ఆయన, కంప్యూటర్ ముందు నుంచి లేవకుండానే.

"మీకేమండీ! మీ తప్పులు మళ్ళీ టైపు కొట్టి దిద్దుకుంటారు. కోసిన గుడ్డ అతుక్కుంటుందా?"

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగారు.

లోపల ఇంకో భయం. "చదివింది పదే గానీ ఈ పిల్ల చెయ్యి బంగారం" అని ఆంటీ ఉద్యోగాల ఆడవాళ్ళందరి ముందూ పొగిడింది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది అనిపించిన మాట నిజం. అలా అనిపించినందుకు నా మీద నాకే ఒళ్ళు మండి, మళ్ళీ నంబరు నొక్కాను.

ఈసారి మోగింది. "మమ్మీ ప్యాకింగ్ లా, అక్కా!" అని ఇక్కడి పిల్లల యాసలో అంటూనే ఆ పిల్ల ఫోన్ వాళ్ళమ్మకి ఇచ్చింది.

అంతా విని ఆంటీ, "ఓసి పిచ్చిదానా, దానికింత కంగారా! బొటనవేలంత వదులుకోండమ్మా అని వాళ్ళకి నే చెప్తాలే."

"ఎవరి బొటనవేలు ఆంటీ? పన్నెండు మంది కోస్తారు! ఒక్కో గౌను ఒక్కోలా వస్తుంది."

ఆంటీ అంది, "పెట్టె కట్టేశానే. నీ కొలతల చీటీ కూడా అందులోనే ఉంది."

"ఉండనివ్వండి. పొద్దున్నే నేనే ఎయిర్‌పోర్టుకి వస్తా."

ఆ రాత్రి కలలో కూడా చేతులు దూరని గౌన్లతో పిల్లలు వరసగా నిలబడ్డారు.

పొద్దున మా జురాంగ్ ఈస్ట్‌లో మొదటి ట్రైన్ ఎక్కాను. విమానాశ్రయంలో సామాన్లు అప్పగించే లైను పక్కనే నేల మీద చతికిలబడి, ఆంటీ పెట్టె విప్పించి, ఒక్కో పాత అచ్చునీ కొత్త పేపరు మీద పరిచి, చుట్టూ నా బొటనవేలు జరుపుకుంటూ గీశాను, కోశాను. "కానియ్యవే, లైను కదులుతోంది!" అంటూ ఆంటీ కోసినవి కోసినట్టు పెట్టెలో సర్దింది. ఆఖరిదైన గౌను చేతి అచ్చు కూడా అయ్యాక, ఒక్కటి కూడా పొరపాటున ఆ పెట్టెలోకి పోకుండా, పాతవన్నీ చింపి నా సంచిలో కుక్కుకున్నాను.