ఎడమ పక్క మోగని చోటు

తాండూరులో గిరీష్ సేటు బండల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ పాలిష్ అయిన ప్రతి బండా లారీ ఎక్కే ముందు పాండురంగం చేతికి రావాలి. చిన్న సుత్తెతో మధ్యలో ఒక దెబ్బ, నాలుగు మూలల్లో నాలుగు దెబ్బలు వేస్తాడు. ఖంగుమంటే మంచిది. మట్టిగోడను కొట్టినట్టు మొద్దుగా వస్తే లోపల నెర్రె ఉన్నట్టే. ఆ పగులు కంటికి కనిపించదు. బండ అద్దంలా మెరుస్తూనే ఉంటుంది, ఇంట్లో పరిచిన ఆర్నెల్లకు రెండు ముక్కలవుతుంది. ఇరవై రెండేళ్లుగా ఆయన పని ఇదే. మెరుపును నమ్మొద్దు, మోతను నమ్మాలి. ఆయన నేర్చిన చదువు అంతే. ఆయన్ని ముంచింది కూడా అదే.

మాఘంలో నర్సప్ప పోయాడు. బషీరాబాద్ వైపు మనిషి, పక్క మిషను మీద పదిహేనేళ్లు బండలు కోశాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరిందన్నారు. పాడె మోసిన నలుగురిలో పాండురంగం ఒకడు. భుజం మీద బరువే తెలియలేదు. అంత మనిషి ఎక్కడికి పోయాడన్న ఆలోచన ఆయన్ని వదల్లేదు.

పదిహేను రోజులకు మొదలైంది. పొద్దున పనిలో ఉండగా పెదవుల చుట్టూ చీమలు పాకినట్టయింది. వేళ్లు తిమ్మిరెక్కి వంకర్లు పోయాయి. సుత్తె జారి కాలి పక్కన పడింది. గొంతులో ఉండలాంటిదేదో అడ్డం పడింది. కాళ్ల కింద నేల మెత్తబడింది. ఎండదెబ్బని చెప్పి ఇంటికొచ్చాడు. మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడు అన్నం ముందు కూర్చుంటే వచ్చింది.

అప్పుడు తనకు తెలిసిన పరీక్ష చేసుకున్నాడు. స్నానాల గదిలో గడియ పెట్టుకుని, అంగీ విప్పి, వేలి కణుపులతో ఛాతీ మీద కొట్టుకున్నాడు. కుడివైపు మోగింది. ఎడమవైపు అరచేతి మేర మొద్దుగా వచ్చింది. మళ్లీ కొట్టాడు. అదే. నెర్రె దొరికింది.

ఇక రోజూ అదే పని. కొట్టుకుని కొట్టుకుని ఎముక మీద చర్మం కమిలింది. గాలి సరిగ్గా పోతోందో లేదోనని నిమిషానికోసారి నిండుగా ఊపిరి గుంజేవాడు. ఎంత గుంజినా చాలేది కాదు, ఎంత గుంజితే అంత తిమ్మిరి. పని మానేశాడు. ఊళ్లోనే ఛాతీ ఫోటో తీయిస్తే సాఫ్‌గా ఉందన్నారు. నమ్మలేదు. ఫోటో కూడా మెరుపే కదా.

భార్య యాదమ్మకు ఏమీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

ఇరవయ్యో రోజున సేటు ఫోన్ చేశాడు. "పాండురంగం, నీ కోసం మస్తు ఆగిన. సోమవారం హైదరాబాద్ లోడు ఉంది. నువ్వు రాకుంటె కొడంగల్ల ఒకాయన ఉన్నడు, ఆయన్ని పెట్టుకుంట. జర సమజ్ చేస్కో."

పక్కనే ఉన్న యాదమ్మ అంతా విన్నది. "పొద్దుమూకులు పైకప్పు సూస్తవు, ఏమైందంటె నోరు తెరవవు. మా తమ్ముణ్ని పిలిచిన. రేపు ఇద్దరు వికారాబాద్ పోతున్నరు. ఛాతీ డాక్టర్ ఉన్నడంట."

"ఏం లాభం?"

"లాభం సంగతి నాకిడిచిపెట్టు. నువ్వు రైలెక్కు."

యాదమ్మ తమ్ముడు దశరథ్ షేర్ ఆటో నడుపుతాడు. మర్నాడు బావను కిటికీ పక్కన కూర్చోబెట్టి, తాను అడ్డంగా కూర్చున్నాడు. రైలు కదిలిన కాసేపటికే పాండురంగం వేళ్లు వంకర్లు పోయాయి.

"దిగుత," అన్నాడు లేస్తూ.

"పొలాల మధ్యల దిగి ఏం జేస్తవ్ బావా? కందులు కోస్తవా? కూసో."

వికారాబాద్‌లో డాక్టర్ హర్షవర్ధన్ ఫోటో చూశాడు, గుండె పరీక్ష చేయించాడు, వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. తర్వాత ఒక వేలు వీపుకు ఆనించి, ఇంకో వేలితో దాని మీద కొట్టాడు. టక్, టక్. పాండురంగం బిగుసుకుపోయాడు.

"సార్, మీరు గూడ కొట్టి సూస్తరా?"

"చూస్తం. ఎందుకు?"

తిమ్మిర్లు, ఊపిరి గుంజడం, ఇన్నాళ్లూ దాచిందంతా ఒక్కసారిగా బయటపెట్టాడు. "ఎడమ దిక్కు మోగుత లేదు సార్. పగిలింది. అదే బండైతె నేను పక్కకు పారేస్త."

దశరథ్ నవ్వబోయి, బావ ముఖం చూసి ఆగిపోయాడు. డాక్టర్ కమిలిన చోట వేలు పెట్టి చూశాడు. తర్వాత దశరథ్ వైపు తిరిగి, "నువ్వు అంగీ విప్పు," అన్నాడు.

"నాకేమైంది సార్? నేను ఆటో నడుపుత."

"నువ్వు బండల దుమ్ముల పని చెయ్యవు, అందుకే విప్పమంటున్న. పాండురంగం గారూ, కొట్టి చూడుండ్రి."

పాండురంగం కొట్టాడు. కుడివైపు మోగింది. ఎడమవైపు, అదే చోట, అరచేతి మేర మొద్దుగా వచ్చింది. చెవి దగ్గరగా వంచి మళ్లీ కొట్టాడు.

"అరె, వీనికి గూడ ఉంది."

"ఏముంది? బావా, ఏముంది నాకు?"

"గుండె ఉంది," అన్నాడు డాక్టర్. "గాలి ఉన్న కాడ మోగుతది. గుండె ఉన్న కాడ మోగది. అందరికి గంతే."

"మా ఇంటామె నాకు గుండె లేదంటది సార్. జర కాగితం మీద రాసియ్యుండ్రి."

పాండురంగం నవ్వలేదు. "సార్, మీది గూడ సూడొచ్చా?"

డాక్టర్ మెళ్లోని గొట్టం తీసి బల్ల మీద పెట్టి, చొక్కా గుండీలు రెండు విప్పాడు. పాండురంగం ఎడమవైపు కొట్టాడు. విన్నాడు. చేయి దించాడు. అక్కడా మోగలేదు.

"మరి చేతులెందుకు వంకర పోతున్నయ్ సార్? భయమైతె మనసుల ఉండాలె గద, వేళ్లల్ల ఎందుకుంటది?"

"మీరు ఇంటికాడ ఎట్ల గుంజుతరో అట్ల గాలి గుంజుండ్రి."

ఇరవై ఊపిర్లు కాకముందే పెదవుల మీద చీమలు, వేళ్లలో తిమ్మిరి. దశరథ్ కంగారుగా లేచాడు. డాక్టర్ చేయెత్తి ఆపాడు. "ఇగ మెల్లగ విడువుండ్రి. ఇంకా మెల్లగ." నాలుగైదు నిమిషాలకు వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి.

"సూసిన్రా? భయపడి ఎక్కువ గాలి గుంజుతున్నరు, ఒంట్లె గిట్లయితది. దాన్ని సూసి ఇంకా భయపడుతున్నరు. దుమ్ము అబద్ధం కాదు. మాస్క్ లేకుండ మిషన్ కాడికి పోవద్దు, ఏడాదికోసారి నా దగ్గరికి రావాలె. గాని ఇయ్యాల మిమ్మల్ని పట్టుకున్నది దుమ్ము కాదు. వెంటనే పోదు. వచ్చినప్పుడు ఉరకొద్దు, దాచొద్దు. కూసోండి, పక్కోనికి చెప్పుండ్రి."

మాత్రలు రాసిచ్చాడు, నెల తర్వాత రమ్మన్నాడు. ఆ సాయంత్రం పాండురంగం యాదమ్మకు మొత్తం చెప్పాడు, స్నానాల గది సంగతితో సహా. ఆమె తిట్టలేదు. కమిలిన చోట పసుపు రాసింది. రాస్తూ రాస్తూ, "నర్సప్పన్న కోసం ఒక్క దినమన్న ఏడ్సినవా?" అని అడిగింది. అప్పుడు ఏడ్చాడు.

సోమవారం మాస్క్ కట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లాడు. నాలుగో వరుస సగంలో ఉండగా వచ్చింది. చీమలు, తిమ్మిరి, గొంతులో ఉండ. నర్సప్ప మిషను అవతలే ఉంది, దాని మీద ఎవరో కొత్తాయన. గేటు వైపు పాండురంగం కాలు లేచింది. ఇదివరకైతే ఎండదెబ్బనేవాడు.

"సేటూ," అన్నాడు అందరికీ వినిపించేలా. "నాకు భయమైతున్నది. చేతులు తిమ్మిరెక్కినయ్. పది నిమిషాలు కూసుంట."

మిషన్ల మీద మనుషులు తిరిగి చూశారు. ఎవరో నవ్వారు కూడా. ఆయన బండల మీద కూర్చుని మెల్లగా గాలి విడవసాగాడు. లారీ డ్రైవర్ హారన్ కొట్టాడు. పది నిమిషాలు కాదు, ఇరవై పట్టింది. చచ్చిపోతానని కనీసం మూడుసార్లు అనిపించింది.

లేచేసరికి సేటు పక్కనే ఉన్నాడు, ఫోను చేతిలో పట్టుకుని. "నువ్వు కూసోంగనె ఫోన్ జేసిన, కొడంగల్ ఆయన బస్సెక్కిండంట. ఏం జెయ్యమంటవు? రాకుమని చెప్పాల్నా?"

పాండురంగం వేళ్లు ముడిచి విప్పాడు. తిమ్మిరి ఇంకా పూర్తిగా పోలేదు. చేయాల్సిన వరుసలు తొమ్మిది ఉన్నాయి. మళ్లీ రాదని ఎవరు చెప్పగలరు?

"రానియ్యుండ్రి," అన్నాడు. "నేను కూసున్నప్పుడు ఆయన కొడతడు. లేసినంక నేను కొడత."

సుత్తె తీసుకుని నాలుగో వరుసలో ఆపిన చోటికి వెళ్లాడు.