ఓబులేసు పుస్తకంలో ఎర్రసిరా

పెనుకొండ కోర్టులో తనకు ఏ కేసూ లేకపోయినా వాయిదాలకు తప్పకుండా హాజరయ్యే మనిషి ఒక్క చెన్నకేశవులే. సంతకని వచ్చి, సంత సంగతి మరిచి, కోర్టు వసారాలో చతికిలపడేవాడు. ఎవరి గట్టు ఎవరు కలిపి దున్నుకున్నారు, ఏ సాక్షి ఎక్కడ తడబడ్డాడు, జడ్జి ఎన్నిసార్లు ఆవలించాడు, అన్నీ చూసి వచ్చి భార్య ఓబులమ్మకు పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఊళ్లోవాళ్లు ఆయనకు 'ఉత్తవాయిదా' అని పేరు పెట్టారు. ఆయన కోపగించుకోలేదు. తెలుసుకుంటే పోయేదేముందని నవ్వేవాడు.

అలాంటి మనిషికి ఒక్కడే కొడుకు, ఓబులేసు. పటాలంలో సిపాయి. ఏటా కార్తీకంలో లీవు పెట్టి ఊరికి వచ్చేవాడు, అది వేరుశనగ పీకే కాలం గనుక. మన ఎర్రనేలల సంగతి తెలిసిందే. ఎండితే రాయి. వాన పడి పదను వచ్చిన నాలుగైదు రోజుల్లో చెట్టు పీకితేనే కాయ చేతికొస్తుంది. ఆలస్యమైతే చెట్టు తెగుతుంది, కాయ నేలలోనే ఉండిపోతుంది.

యాభై ఏడులో ఆ వాన సరిగ్గా ఓబులేసు తిరుగు ప్రయాణానికి ముందురోజు పడింది. రెండు రోజులుండి పొమ్మన్నాడు తండ్రి. రెండు అయిదయ్యాయి. చేను మొత్తం పీకి, కట్టలు కట్టి, వామి వేశాకే ఓబులేసు రైలెక్కాడు. పెళ్లికి పోయినవాడు రెండు రోజులు ఎక్కువుంటే ఎవరైనా తప్పుపడతారా? లీవన్నా అంతేననుకున్నాడు చెన్నకేశవులు. పాపం, ఇన్ని కేసులు చూసిన మనిషికి, లీవు దాటితే ఏమవుతుందన్న ఒక్క ప్రశ్న తోచలేదు.

మరుసటి ఏడు కొడుకు మళ్లీ వచ్చాడు. వాడి ట్రంకుపెట్టె తెరిచి చూడకపోతే చెన్నకేశవులుకు అన్నం సయించదు. పెట్టె అడుగున వాడి కొలువు సంగతులు రాసే పటాలం పుస్తకం కనిపించింది. లోపలంతా నల్లసిరా. ఒక్క వరస మాత్రం ఎర్రసిరా. ఇదేమని కొడుకును అడిగాడు. ఓబులేసు తల వంచుకుని, పెద్దసాహెబు సొంత చేత్తో రాసిందని మాత్రం చెప్పాడు.

ఇంకేముంది! మన ఇళ్లలో శుభలేఖ రాసినా, గడపకు పూజ చేసినా ఎరుపు పెట్టందే కాదు. అందరికీ నల్లగా రాసి తన కొడుక్కి ఎర్రగా రాశాడంటే ఆ సాహెబు ఎంత మెచ్చాడో! ఓబులమ్మ ఆ పుస్తకాన్ని దేవుడి పటం ముందు పెట్టి కుంకుమ బొట్టు పెట్టింది. వచ్చినవాళ్లకల్లా చెన్నకేశవులు ఆ వరస చూపించాడు. పుస్తకం బయటికి వచ్చినప్పుడల్లా ఓబులేసు ఎద్దుల దగ్గరికి పోయేవాడు. బిడ్డకు అణకువ ఎక్కువని తండ్రి మురిసిపోయాడు.

కానీ ఆ వరసలో ఏముందో తెలియాలి కదా. బడిపంతులు ఆ ఇంగ్లీషును కూడబలుక్కుని 'అయిదు రోజులు' అన్న మాట చదివి, తక్కిందంతా కోడిగీతలన్నాడు. అయిదు రోజులు ఏం చేశాడు నా కొడుకు? చెన్నకేశవులుకు కుదురు లేకుండా పోయింది. ఓబులేసు బెల్లానికి హిందూపురం పోయిన రోజున పుస్తకం పంచెలో దోపుకుని ధర్మవరం రైలెక్కాడు. అక్కడ రైల్వే గేటు కాసే ఏసుదాసు బర్మా యుద్ధం చూసొచ్చిన మనిషి. ఇలాంటి రాతలు ఆయనకు కొట్టినపిండి.

ఏసుదాసు ఆ వరస చదివి పుస్తకం మూసేశాడు.

"పోయినేడు నీ కొడుకు లీవు దాటినాక గూడా ఊర్లోనే ఉన్యాడా అప్పా?"

"ఉన్యాడు. అయిదు దినాలు. శెనక్కాయ పీకితిమి."

"ఆ అయిదు దినాలే ఇది. పటాలంలో ఎర్రసిరా అంటే శిక్ష."

పాత అలవాటే చెన్నకేశవుల్ని మాట్లాడించింది. వకీలు ఎవరని అడిగాడు. వకీలూ లేడు, వాయిదా లేదన్నాడు ఏసుదాసు. ఇలాంటి చిన్న తప్పులకు కోర్టు ఉండదు. టోపీ, బెల్టు తీయించి సాహెబు ముందు నిలబెడతారు. ఆయన అడుగుతాడు, వీడు చెబుతాడు, అక్కడికక్కడే తీర్పు. వీడికి పద్నాలుగు రోజుల శిక్ష పడింది. వీపున బరువు మూట కట్టుకుని ఎండలో మైదానం చుట్టూ పరుగెత్తాలి. మూటలో ఇటుకలైనా ఉండొచ్చు, రాళ్లయినా ఉండొచ్చు. పై హోదాకు గుర్తుగా చేతి మీదికి రావలసిన నాయక్ పట్టీ ఆగిపోతుంది. ఇంకొక్క ఎర్ర వరస పడితే ఆ పట్టీ ఇక రానేరాదు.

"నాయనే ఉండమన్యాడని చెప్పల్యా వాడు?"

"ఈడ రాసుండాది. తప్పు ఒప్పుకున్యాడు. కారణమేమీ చెప్పల్యా."

తిరుగు రైల్లో చెన్నకేశవులు ఎవరినీ ఏమీ అడగలేదు. ఇంటికి వచ్చి పుస్తకం మీది కుంకుమ తుడిచి, ఎప్పటిలాగే పెట్టె అడుగున పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. ఆయన కడుపులో మాట దాగడం అదే మొదలు.

ఓబులేసు ప్రయాణం ఇంకో రోజుందనగా వాన పడింది. చేనంతా కాయ. ఊరంతా పొద్దున్నే పొలాల్లోకి దిగింది. చెన్నకేశవులు మాత్రం కొడుకు ట్రంకుపెట్టె నెత్తికెత్తుకుని పెనుకొండ స్టేషను దారి పట్టాడు.

వెనకే వచ్చిన ఓబులేసు నసిగాడు. "పదను నాలుగు దినాలే ఉంటాది నాయనా. సాహెబుకు చెప్పుకుంటాలే."

"పోతే కాయ పోతాది. నువ్వు నడువు."

"పెట్టన్నా ఇయ్యి, నేను మోస్తా."

"పద్నాలుగు దినాలు మోసినావు. చాల్లే."

ఓబులేసు బురదలో నిలబడిపోయాడు. తండ్రి ఆగకుండా నడుస్తూనే ఉన్నాడు. కొడుకే అంగలు వేసి అందుకున్నాడు. స్టేషనులో పెట్టె దించి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ చెన్నకేశవులు మెల్లగా అడిగాడు.

"ఆ మూటలో ఇటుకలా, రాళ్లా?"

"ఇసక, నాయనా."

"ఇసక తడిస్తే ఇంకా బరువు గదప్పా."

"తడవల్యా," అన్నాడు ఓబులేసు. "ఆ పద్నాలుగు దినాలూ ఆడ వాన రాల్యా."