ఫ్లెక్సీ మీద మొహం

అక్క పోయింది. నెల్లూరుకు పని మీద వచ్చి బస్టాండులో కూలబడిందట. గుండెపోటు అన్నారు. ఆసుపత్రి నుంచి అటే మా ఊరు కోవూరు తెచ్చి దహనం చేశాం.

అక్క మా ఇంట్లో మగపిల్లవాడిగా పుట్టింది. ‘అన్నా’ అంటూ పెరిగిన నేను ‘అక్కా’ అనడం నేర్చుకోవడానికి నానా తంటాలు పడ్డాను. పిలుపు తప్పితే చెవి మెలిపెట్టి, “మళ్ళా చెప్పరా” అని నవ్వేది.

నుదుటి ఎముక, దవడ అరగదీయించుకుని ఆడమనిషి మొహం తెచ్చుకుంటానంటే గొడవపడ్డాను. చక్కగా ఉన్న ఎముకను కోయడం ఏ డాక్టరుకైనా న్యాయమా అన్నాను.

“బస్సులో నువ్వు కూచుంటే పక్కనోళ్ళు లేచిపోరు గదరా. నీకెట్ట తెలస్తాది?” అంది.

చెన్నైలో డాక్టరు, నలభై దాటిన అక్క ఎదురుగా ఉండగానే, “మీకు సమ్మతమేనా?” అని నన్నడిగాడు. నాకు లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది, సిగ్గులేకుండా. అక్కకు ఒళ్ళు మండింది. “మొహం నాది సార్. వాణ్ణెందుకడగతారు?”

ముక్కు కూడా సన్నం చేస్తే ఇంకా ఆడతనం వస్తుందన్నాడాయన. “వద్దు సార్. ఇది మా అమ్మ ముక్కు. ఆమె ఆడది కాదా ఏంది?” అంది.

కట్లు విప్పాక అద్దంలో చాలాసేపు చూసుకుని, “ఇప్పుడు నేనేరా” అంది. ఆ తర్వాతే జువ్వలదిన్నె రేవులో చేపల వ్యాపారం మొదలుపెట్టింది. అక్కడి ఆడవాళ్ళకు ఆమె మొదటినుంచీ అక్కే. మంచు గడ్డలు పగలగొడుతూ వాళ్ళని ఆటపట్టించేది. అన్నం వేళకు అందరినీ కేకేసి కూర్చోబెట్టేది.

కర్మకు ఫ్లెక్సీ వేయించాలి కదా. “నేను కన్న మొహం ఏయించు నాయనా. ఈ ఒక్కసారికి” అని అమ్మ నా చేతులు పట్టుకుంది. నా ఫోనులో రెండు ఫోటోలూ ఉన్నాయి. “ఏది ఏయమంటావన్నా?” అని షాపతను అడిగాడు. అక్కకు ఏది కావాలో నాకు తెలుసు. తెలిసీ మీసాల ఫోటో పంపాను, పాత పేరుతో. అమ్మ కోసమే అని చెప్పుకున్నాను. చుట్టాల ముందు నాకూ అదే సుఖమనిపించిందని ఎవరికి చెప్పను?

రేవుకు విడిగా చావు కబురు కూడా పెట్టలేదు. ఫ్లెక్సీ అక్కడికి తీసుకెళ్ళి నేనే కట్టాను. తాడు బిగిస్తుంటే గంపలతో వెళ్ళే ఆడవాళ్ళు ఆగారు. వాళ్ళలో పెద్దామె తలెత్తి ఫోటో చూసి, బుగ్గలు నొక్కుకుంది.

“అచ్చం అక్క పోలికే. అక్కకు అన్నా? అయ్యో పాపం! అక్కకు చెప్పయ్యా, అన్నం మానుకోవద్దని.”