కొవ్వు చెప్పే కబురు

కాగుతున్న వెన్నలో మునగాకు రెమ్మ వేశాను. చిటపటమంటూ లేచిన ఆ కమ్మటి వాసనకు నా చేతిలో గరిటె ఆగిపోయింది. రెండువేల దశకం నడుమ నాటి పుదుచ్చేరి, కోసపాళయంలో ఒక ఇరుకు వంటగది కళ్లముందుకొచ్చింది. అది పరిశోధనలో నా గురువు, వైదేహి మేడం వాళ్లిల్లు.

యానాం నుంచి వచ్చి ఆమె దగ్గర చేరేనాటికి కొవ్వంటే నాకు తెలిసింది ఒక్కటే, తిండి మిగిలితే ఒళ్లు దాచుకునే గోడౌను. మేడం వాళ్లది తరాలుగా ఆ ఊళ్లో స్థిరపడ్డ తెలుగు రైతు కుటుంబం. ఆమెకు తెలుగు చదవడం రాదు గాని, మాటల్లోకి దిగితే తమిళం కలిసిన ఆ తెలుగుకు ఆనకట్ట ఉండేది కాదు. మొదటి వారమే భోజనానికి పిలిచి, మునగాకు వేసి కాచిన నెయ్యి వడ్డిస్తూనే పాఠం మొదలుపెట్టారు. కొవ్వు ఊరికే పడి ఉండదట, రక్తంలోకి హార్మోన్లు వదులుతుందట. వాటిలో లెప్టిన్ అనేది మెదడుకు చేరి, ఇక తిండి చాలని కబురు చెబుతుందట. అయితే జ్ఞాపకాలను నిలిపే చోట కూడా ఆ కబురు అందుకునే కణాలు ఉన్నాయని శాస్త్రజ్ఞులు కనుగొన్నారని చెప్పి, వడ్డన ఆపేశారు.

"మరి ఆడ లెప్టిన్‌కేం పని?" అని అడిగి, జవాబు నా దగ్గరే ఉన్నట్టు నా ముఖంలోకి చూశారు. ఆ పూట ఏం తిన్నానో నాకు గుర్తులేదు.

ఆ ప్రశ్న ఆమెకు ఇంట్లోనే పుట్టింది. వాళ్లమ్మ రాజమ్మగారికి అల్జీమర్స్. అప్పటికే కూతుర్ని గుర్తుపట్టడం తగ్గింది. మతిమరుపు మొదలవడానికి రెండు మూడేళ్ల ముందు నుంచే ఆవిడ రవికలు వదులవుతూ వచ్చాయట. దర్జీ మళ్లీ మళ్లీ కుట్లు బిగించాడు గాని, వయసు మీదపడుతోందనే అందరూ అనుకున్నారు. కొవ్వు తరిగి లెప్టిన్ తగ్గడం వల్ల మెదడుకు కీడు జరిగిందా, లేక లోపల అప్పటికే మొదలైన జబ్బే ఒంటిని కరిగించిందా? ఏది ముందు? మేడం బల్ల మీది కాగితాలన్నిటి మీదా ఈ రెండు మాటలే ఉండేవి.

మతిమరుపు ఉన్న పెద్దవాళ్లనుంచీ, అదే వయసులో, అదే పాటి ఒళ్లున్న ఆరోగ్యవంతులనుంచీ రక్తం తీసి లెప్టిన్ కొలవడం నా పని. ఇంటివాళ్లు ఒప్పుకున్నాక ఉప్పళం వీధుల్లో ఇల్లిల్లూ తిరిగాను. ఫలితాలు చూసిన రోజు నా కాళ్లు నేలమీద నిలవలేదు. రోగుల్లో లెప్టిన్ బాగా తక్కువ, రెండు గుంపులకూ మధ్య అంత తేడా. కాగితం పట్టుకుని మేడం గదికి పరుగెత్తాను. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే ఏదో తట్టినట్టు నా నోటుపుస్తకం అడిగారు.

"ఎన్నింటికి తీసినావు పాపా?"

రోగుల దగ్గరికి పొద్దున్నే వెళ్లాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మాత్రం తమ పనులు ముగించుకుని సాయంత్రం వచ్చేవారు. లెప్టిన్ పొద్దున తగ్గి, సాయంత్రం నుంచి పెరుగుతుందని చదివి కూడా మరిచాను. నాకు దొరికిన తేడాలో ఎంత జబ్బుదో, ఎంత గడియారానిదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ నమూనాల్లో రాజమ్మగారిదీ ఉంది. ఆ తేడా నిజమైతే బాగుండునని నాకంటే ఎక్కువ కోరుకున్న మనిషి, ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టారు. మర్నాడు పొద్దున తన మోపెడ్ మీద నన్ను ఎక్కించుకుని మొదటి ఇంటి నుంచి మళ్లీ మొదలుపెట్టారు. అందరి రక్తమూ పరగడుపునే, ఒకే వేళకు. కాఫీ ఆలస్యమైందని సణిగిన ఒక తాతగారిని ఆమె నవ్వించి ఒప్పించారు.

రెండోసారి తేడా బాగా చిన్నదైంది. కానీ పోలేదు. మేడం మూడుసార్లు లెక్క సరిచూసి, కారణం ఏదో దీన్నిబట్టి తేలదనీ, ఇంకా ఎందరినో చూడాలనీ అంటూనే నా చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కెళ్లారు. "చిన్నదే. కానీ ఇప్పుడు ఎవురడిగినా చూపించొచ్చు," అన్నారు. చిన్నపిల్లలా నవ్వారు.

ఆ సాయంత్రమే తల్లి పక్కన కూర్చుని, కొవ్వు గురించీ మెదడు గురించీ అంతా చెప్పారు. రాజమ్మగారు శ్రద్ధగా విని, "బాగా చదువుకున్నావు తల్లీ. మీ అమ్మ యాడుంది?" అని అడిగారు.

నేను తల దించుకున్నాను. మేడం మాత్రం ఆవిడకు ఇంకాస్త దగ్గరగా జరిగారు. "ఈడే ఉండాది. నేను చెప్పేది వింటా ఉండాది," అని, ఆవిడ చేతిని తన ఒళ్లోకి తీసుకుని మిగతాది మరింత ఉత్సాహంగా చెప్పసాగారు.

ఏది ముందో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. నేనూ అదే పనిలో ఉన్నాను. మంచి ఫలితం కనబడగానే గుండె వేగం పెరుగుతుంది. ఆ ఆనందంతోనే దాన్ని తప్పని నిరూపించడానికి కూర్చుంటాను. నా లెక్కకు నిలిచి మిగిలేది ఆవగింజంతే అయినా, ఎవరో ఒకరి దగ్గరికి పరుగెత్తి చెప్పందే నాకు ఆ పూట గడవదు.