డెల్ఫీన్ అమ్మమ్మ బరకం

మా అమ్మమ్మ డెల్ఫీన్‌కు ముగ్గురి మీద కోపం: వాన, మా రోజలీ పెద్దమ్మ, చనిపోయిన మా తాత ఆంబ్రోస్. ముగ్గురూ ఆమె మాట వినరు. వానకు చెవులు లేవు, పెద్దమ్మకు ఉన్నా లేనట్టే, తాత వినకుండానే వెళ్లిపోయాడు. మిగిలింది నేను. అందుకని వాళ్లకు పడాల్సిన తిట్లన్నీ నాకే పడతాయి.

వేసవి చివర సరస్సులో మనోమిన్, అంటే అడవి వరి, పండగానే మేం ఒడ్డున మకాం వేస్తాం. ఎవరూ విత్తకుండా నీళ్లలో తనంతట తాను మొలిచే గింజ అది. పడవకు ఇద్దరు. ఒకరు నిలబడి గడ వేస్తారు, ఇంకొకరు కూర్చుని రెండు కర్రలతో కంకులు వంచి గింజ రాలుస్తారు. అమ్మమ్మ చేతులు ఇప్పుడు ఆ కర్రలు ఎత్తలేవు. వెండెల్ మామ గడ వేస్తే నేను రాలుస్తున్నాను. నన్ను బడి వాళ్లు సగంలో వదిలేసుకున్నారు గాని, కంకులు మాత్రం నా మాట వింటాయి. గింజను ఆరబెట్టడం, వేయించడం అమ్మమ్మ పని.

మా మకాం అంతటికీ ఉన్నది ఒకటే బరకం. తాత నాటి మందపాటి కాన్వాసు టార్పాలిన్. పగలు ఎండ ఉంటే నేల మీద పరిచి పచ్చి గింజ ఆరబోస్తాం. పొద్దు వాలాక గింజ ఎత్తేసి దాన్నే కర్రల మీదికి ఎక్కించి, కింద పడుకుంటాం. తాత ఉన్నప్పుడు ఆయన మధ్యలో, అమ్మమ్మ ఒక అంచున, పిల్లలం రెండో అంచున. ఆయన పోయాక అమ్మమ్మ మధ్యలోకి జరిగింది. అడిగితే, "అక్కడ నేల మెత్తగా ఉంటుందిలే" అంది.

నిరుడు అక్కడే తడిసింది. వాన కురుస్తుంటే బరకం సరిగ్గా ఆమె మీదే కారింది. ఊపిరితిత్తులకు నీరు పట్టి, ఆకులన్నీ రాలేదాకా ఆసుపత్రి మంచం మీదే ఉంది. క్లినిక్‌లో పనిచేసే పెద్దమ్మ ఆ చలికాలమంతా పళ్లు బిగపట్టుకుని తిరిగింది. ఈ ఏడు మకాం సంగతి ఎత్తగానే ఆ పళ్లు విడిచింది.

"అమ్మా, ఆ గుడ్డ ఒక్క చుక్క కారిందా, నిన్ను నా బండిలో ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోతాను. ఇంక సరస్సు మాట ఎత్తకూడదు. ఈ ఏడే కాదు, మరెప్పుడూ."

"కారకపోతే?"

"కారకపోతే ఉండు. కొత్తది కొనిస్తానంటే వద్దంటావు. నీలం ప్లాస్టిక్‌వి అంగట్లో గుట్టలు పోసి అమ్ముతున్నారు."

"దాని కింద పడుకుంటే ఆవిరికి ఉడికిన బంగాళాదుంపనవుతాను. దాని మీద గింజ పోస్తే చెమటపట్టి బూజు పడుతుంది. గింజ కింద ఉన్న గుడ్డ తడి పీల్చాలి, పిచ్చిదానా."

ఆ మాట అన్నది మా అమ్మమ్మే. కాస్త గుర్తుపెట్టుకోండి.

మరునాడు బరకాన్ని పెరట్లో బట్టలు ఆరేసే తీగ మీద వేశాం. నేను లోపలికి దూరి, వెలుతురు చుక్కగా కనపడిన ప్రతి చోటా బొగ్గుతో గుర్తు పెట్టాను.

"అమ్మమ్మా, ఇక్కడ చుక్కలు లెక్కపెడితే ఆకాశం నయం."

"నోరు మూసుకుని గీతలు పెట్టు ఉడతా."

ఉడత అంటే నేనే. నా అసలు పేరు ఆమెకు కోపం వచ్చినప్పుడే గుర్తొస్తుంది.

తాత పాత కోటు కుట్లు విప్పి మాసికలు కత్తిరించాం. మూలలు గుండ్రంగా ఉండాలంది. మొనదేలిన మూల ముందు లేస్తుందట. చిరుగు కంటే అరచెయ్యంత పెద్ద ముక్క, అంచు లోపలికి మడిచి, చుట్టూ రెండు వరసల కుట్టు. దారానికి తేనెమైనం రుద్దడం నా పని. నాలుగు కుట్లు వేస్తుంది, సూది గుడ్డలో అలాగే వదిలేసి కళ్లు మూసుకుంటుంది. నిద్రపోయిందనుకుని నేను లేవబోతే, "ఎక్కడికి?" అంటుంది.

"నీకు ఓపిక లేదు, నాకివ్వు."

"నువ్వు కుడితే వాన నవ్వుతుంది."

కుట్టడం అయ్యేసరికి ఆమె వేళ్లు మడతపడలేదు. కాఫీ కప్పు నేనే పట్టుకోవాల్సి వచ్చింది. "ఏటా ఇదే. ఒక చోట కుడితే ఇంకో చోట పిగులుతుంది. నేనూ అంతే, ఈ గుడ్డా అంతే" అని కప్పు మీదుగా ఎటో చూస్తూ ఉండిపోయింది.

ఆ తరవాత మైనం పూత. వేడినీళ్ల గిన్నెలో డబ్బా పెట్టి మైనం కరిగించి, పొయ్యికి దూరంగా తెచ్చి టర్పెంటైన్ కలిపాం. ఎండలో వెచ్చబడ్డ గుడ్డ మీద కుంచెతో రుద్దితే లోపలికి దిగుతుంది. అప్పుడు చూశాను: బరకం అంచులు పాత మైనంతో నల్లగా, తోలులా బిరుసుగా ఉన్నాయి. మధ్యలో మాత్రం మెత్తగా, తెల్లగా ఉంది. అక్కడ ఎప్పుడూ ఎవరూ పూయలేదు.

"చూశావా మీ తాత పనితనం" అంది అమ్మమ్మ. "పెళ్లైన దగ్గర్నుంచీ ఇంతే. పక్కలు పూసేవాడు, మధ్యకొచ్చేసరికి నడుం వాల్చేవాడు. సోమరిపోతు. ఎంత తిట్టినా, 'అదలా ఉండనీవే' అని నవ్వేవాడు."

"మరి కారేది కదా?"

"కారేది. ఆయన మీదే కారేది. బాగా అయ్యింది."

మధ్యలో రెండు పూతలు పూయించింది నా చేత. వాసనకు నా తల తిరిగింది. ఎండలో ఆరితే పోతుందంది. ఆరింది, చాలావరకు పోయింది కూడా.

గింజ పండింది, రాల్చడానికి సరస్సు తెరవొచ్చని మా ఊరి కమిటీ పెద్దలు చెప్పాక ఒడ్డున మకాం వేశాం. అమ్మమ్మ సరస్సుకు కానుకగా చిటికెడు పొగాకు నీళ్లలో వేసి తనలో తాను ఏదో చెప్పుకుంది. రెండో రోజు మధ్యాహ్నం మొదలైన వాన తెల్లారేదాకా వదలలేదు. పక్క మకాం వాళ్ల ప్లాస్టిక్ డప్పులా మోగింది. మా బరకం మీద మాత్రం నీళ్లు గుండ్రంగా పూసల్లా అయి అంచు నుంచి జారిపోయాయి. అమ్మమ్మ మధ్యలో వెల్లకిలా పడుకుని పైకే చూస్తూ ఉంది.

పొద్దున్నే పెద్దమ్మ బండి దిగింది. పలకరింపు కూడా లేకుండా లోపలికొచ్చి దుప్పటి తడిమింది, దిండు తడిమింది, చివరికి అమ్మమ్మ మేజోళ్లు కూడా పిండి చూసింది.

"నన్ను కూడా పిండు, ఏమన్నా కారుతుందేమో" అంది అమ్మమ్మ.

"సరే, గెలిచావు."

"గెలిచి ఏం చేసుకోను, ఓపిక లేదు. కాఫీ పొయ్యవే."

ఎండ వచ్చింది. మామా నేనూ పడవ నిండా గింజ తెచ్చాం. బరకం దించి, పరిచి, పోశాం. అమ్మమ్మ మధ్యాహ్నమంతా మోకాళ్ల మీద కూర్చుని చేత్తో గింజను తిరగేసింది. ఎండకు కింద గుడ్డ కాలుతోంది. ఎంత తిప్పినా గింజ అడుగున తడి అలాగే ఉంది. సాయంత్రం ముందుగా ఆరిన కొంచెం తీసి ఇనప కడాయిలో వేయించింది. పొట్టు చెరిగి, ఉడికించి, మామకు గిన్నెలో పెట్టింది. మామ ఒక చెంచా నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు.

"ఏమైందిరా?"

"ఏం లేదమ్మా. కొత్తగా రంగేసిన తలుపు నాకినట్టుంది."

అమ్మమ్మ గిన్నె లాక్కుని వాసన చూసింది. తరవాత బరకం దగ్గరికి వెళ్లి, గింజలో చెయ్యి పెట్టి, కింద గుడ్డ మధ్య భాగాన్ని తడిమింది. జిడ్డుగా ఉంది. అంచు తడిమింది. మళ్లీ మధ్యకు వచ్చింది. గింజ ఎప్పుడూ మధ్యలోనే పోస్తాం. అక్కడే కూలబడింది.

"ఆయన గింజ కోసం వదిలేశాడు" అంది. "ఇది తడి పీల్చడానికి."

తడి పీల్చాలని పెద్దమ్మకు పాఠం చెప్పిన మనిషే నా చేత రెండు పూతలు పూయించిందని నా నాలుక చివరిదాకా వచ్చింది. నేనే మింగేశాను.

ఒక పడవ గింజ పోయింది. రేపు తెచ్చేది పోయడానికి చోటు లేదు. పచ్చి గింజ కుప్పగా ఉంటే ఒక్క రోజులో వేడెక్కి పాడవుతుంది. ఆరబెట్టలేని మకాం ఎందుకు? పెద్దమ్మ నోరు తెరిచేలోపే అమ్మమ్మ లేచి తన దుప్పటి చుట్టడం మొదలుపెట్టింది.

"పద రోజలీ, ఇంటికి పోదాం. బండి ఎక్కడ పెట్టావ్?"

అమ్మమ్మ వాదించకుండా ఉండటం మేం ఎవరం చూడలేదు. పెద్దమ్మ ఎన్నాళ్లుగానో ఈ మాట కోసమే చూస్తోంది. అయినా అక్కడే నిలబడి, అమ్మమ్మ వేళ్లు దుప్పటికి తాడు ముడి వేయలేక జారిపోతుంటే చూసింది. ఆ తాడు ఆమె చేతిలోంచి తీసుకుని పక్కన పడేసి, బండెక్కి వెళ్లిపోయింది.

చీకటి పడకముందే తిరిగొచ్చింది. చంకలో దుప్పట్లు, తన పెద్ద మంచానివి. ఇస్త్రీ చేసినవి, ఊదారంగు పువ్వులవి. వాటి మీద మమ్మల్ని కూర్చోనిచ్చేది కూడా కాదు.

"నూలువి. పీలుస్తాయి" అంది. "గింజ మరకలు పడితే ఉడత ఉతుకుతుంది."

"నేనా?"

"నువ్వే."

పాడైన గింజను మామ చెట్ల వెనక గొయ్యి తీసి పూడ్చాడు. బరకాన్ని కడిగి మళ్లీ కర్రల మీదికి ఎక్కించాం. పొయ్యి దగ్గర అమ్మమ్మ కూర్చుని ఉంది, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని.

"ఒక్కసారి చెప్పుంటే ఏం పోయేది ఆయనకి? అన్నేళ్లు తిట్టించుకున్నాడు. అన్నేళ్లు తడుస్తూ పడుకున్నాడు."

పెద్దమ్మ కాఫీ వడపోస్తూ, ఇటు తిరగకుండానే అంది: "చెప్పుంటే ఆ మధ్యలో నువ్వు పడుకునేదానివి."

అమ్మమ్మ బరకం కింద ఒకప్పటి తన చోటు, ఆ అంచు వైపు గడ్డంతో చూపించింది.

"నా దిండు అటు జరుపు, ఉడతా. నడుం విరిగిపోతోంది."