బీపీ గోలీ, అత్తమ్మ దొడ్డుప్పు

తొంభైల్లో మా అశోక్‌నగర్ గల్లీలో షుగరు వస్తే తిండి వల్ల వచ్చిందనేవాళ్లు. మోకాళ్ల నొప్పులొస్తే వయసు వల్ల అనేవాళ్లు. కోడలికి బీపీ వస్తే మాత్రం అత్త వల్లే. ఈ తీర్పు మీద అప్పీలు లేదు. తీర్పు చెప్పే పెద్దల్లో మా అత్తమ్మది మొదటి కుర్చీ. పొద్దున నల్లా దగ్గర బిందె నిండేలోపు ఎవరింటి కోడలికి ఎందుకు తల తిరిగిందో తేల్చేసేది. "కోడలికి బీపీ ఎక్కిందంటే అత్త ఎసొంటిదో అడగాల్నా?" అనేది.

అలాంటి ఇంట్లో, నలభై నిండకముందే, నాకు బీపీ వచ్చింది.

నారాయణగూడలో మా ఇంటిల్లిపాదినీ చూసే డాక్టరు నా చేతికి పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి పిసికి, రోజూ ఒక గోలీ వేసుకోవాలని, ఉప్పు బాగా తగ్గించాలని చెప్పాడు. నాకు భయం వేసింది. మా నాన్నకు బీపీతోనే కుడిచెయ్యి పడిపోయింది. చివరిదాకా ఎడమచేత్తోనే అన్నం తిన్నాడు. ఒక పక్క ఆ భయం, ఇంకో పక్క అత్తమ్మ పరువు. నిజానికి ఆమె నన్నేమీ రాచి రంపాన పెట్టలేదు. నా జడ నుంచి నా కూరల దాకా వంకలు పెట్టేది, అంతే. ఆ మాత్రానికి నల్లా దగ్గర ఆమె తలదించుకోవడం నాకు ఇష్టం లేదు. గోలీలు ఆఫీసు బ్యాగులో పాత బస్సు టిక్కెట్ల అడుగున దాచాను. మా ఆయనకు చెబితే, "మీ ఇద్దరి నడుమ నన్ను గుంజకు" అని పేపరు చాటుకు వెళ్లిపోయాడు.

మూడు వారాలకు దగ్గు మొదలైంది. కఫం లేదు, జ్వరం లేదు, ఉత్త దగ్గు. గొంతులో ఎవరో కోడి ఈక పెట్టి తిప్పుతున్నట్టు ఉండేది. బస్సులో దగ్గితే పక్కవాళ్లు లేచిపోయి సీటు దొరికేది, అదొక్కటే లాభం. ఆఫీసులో ఫోనెత్తి "హలో" అనేలోపు దగ్గొస్తే అవతలివాళ్లు రాంగు నంబరనుకుని పెట్టేసేవాళ్లు. బర్కత్‌పురలో చుట్టాలింట్లో సత్యనారాయణ వ్రతం జరుగుతుంటే, నేను దగ్గిన దగ్గుకు పంతులుగారు ఎక్కడున్నారో మరిచిపోయి, అదే అధ్యాయం మళ్లీ మొదటి నుంచి చదివారు. ఆకలి మీదున్న చుట్టాలు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

దగ్గు అత్తమ్మ ఇలాకా. "దీనికి డాక్టరెందుకే? దొడ్డుప్పు పలుకు, ఒక మిరియం బుగ్గన పెట్టుకొని రసం మింగు" అంది. పెట్టుకుంటే పావుగంట ఆగేది. మళ్లీ దగ్గు, మళ్లీ ఉప్పు. వద్దంటే ఎందుకని అడుగుతుంది. తేలు కుట్టిన దొంగలా ఆమె ఇచ్చింది నోట్లో వేసుకునేదాన్ని. ఆఫీసుకు బయల్దేరుతుంటే పొట్లం కట్టి ఇచ్చేది పాపం. ఇది తిండి కాదు, మందు, మందులో ఉప్పుకు పథ్యం లేదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. చదువుకున్నదాన్నే, ఏం లాభం?

మళ్లీ డాక్టరు దగ్గరికి పోతే బీపీ పెరిగింది. ఆయన ఒక గోలీని రెండు చేశాడు. దగ్గు కూడా రెండింతలైంది. అత్తమ్మ ఉప్పు పలుకు సైజు పెంచింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, నా సంగతి అదే అయింది. దగ్గు మాట డాక్టరుకు నేను చెప్పనేలేదు. బీపీ ఆయనది, దగ్గు ఇంటిది అని నా పంపకం.

చివరికి అత్తమ్మే పట్టుబట్టింది. "నా చేత తగ్గని దగ్గు ఏం దగ్గో నేనే అడుగుత పద" అని నాతో బయల్దేరింది. నారాయణగూడ చేరేలోపు ఎందరు దేవుళ్లకు మొక్కానో లెక్కలేదు. ఒక్కరూ పలకలేదు. డాక్టరు మమ్మల్ని మాట్లాడనివ్వకుండానే పట్టీ చుట్టాడు. అంకె చూసి ఆయన ముఖం మారింది.

"ఇట్లయితే పక్షవాతం వస్తదమ్మా. గోలీలు వేసుకుంటున్నరా? ఏంది, నోట్లో ఏమున్నది?"

నేను నోరు తెరవలేదు. అత్తమ్మ తెరిచింది.

"దొడ్డుప్పు సార్! రోజుకు పది పలుకులు, నేనే దగ్గరుండి పెడుతున్న" అంది గర్వంగా.

డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. బీపీ మనిషికి ఉప్పేమిటని గట్టిగా కోప్పడ్డాడు. ఈ దగ్గు ఆ గోలీతోనే వస్తుందని, మారిస్తే మెల్లగా పోతుందని చెప్పి వేరే మందు రాశాడు. అత్తమ్మ ఎదురు చెప్పకుండా చీటీ అందుకుంది. పెళ్లయిన పదిహేనేళ్లలో అదే మొదటిసారి.

బయటికొచ్చాక, "నాకెందుకు చెప్పలే?" అంది.

"నల్లా కాడ అందరు మిమ్మల్ని అంటరని, అత్తమ్మా."

ఆమె ఆటో పిలిచింది. బేరం కూడా ఆడలేదు. చిక్కడపల్లి గుంతల్లో ఆటో ఎగిరెగిరి పడుతుంటే డ్రైవరు భుజం తట్టింది.

"జర మెల్లగ నడుపు బిడ్డా. మా కోడలికి బీపీ ఉంది."

అతను అద్దంలోంచి మా ఇద్దర్నీ చూశాడు. అతనికీ తీర్పు కంఠస్థమే. "కోడల్ని గంత పరేషాన్ చేస్తే ఎట్లమ్మా?" అన్నాడు.

ఆమె తప్పేం లేదని చెప్పబోయాను. దగ్గొచ్చి మాట పెగల్లేదు.

అత్తమ్మ నా వీపు రుద్దుతూ, "అవ్ బిడ్డా, తప్పు నాదే. నువ్వు మెల్లగ నడుపు" అంది.