నోటినిండా పేలపిండి

కోలారు జిల్లాలో డాక్టర్ల నోళ్లు మూయించడంలో సొన్నప్ప సారును మించిన రౌడీ ఇంతవరకు పుట్టలేదు. ఆయన ఆయుధాలు రెండే: ఒక స్టీలు చెంచా, ఒక డబ్బా రాగి పేలపిండి.

రోగులతో ఎలా మాట్లాడాలో మా మెడికల్ కాలేజీలో నేర్పే ప్రొఫెసర్ ఆయన. రోగి కూర్చోగానే మా అందరి నోళ్లలో తలా ఒక చెంచా పొడిపిండి పోస్తాడు. అది నాని గొంతు దిగేదాకా రోగి చెప్పాలి, మనం వినాలి. ఒకసారి మా బ్యాచ్ శివరాజ్ ఆగలేక "ఎన్నాళ్లనుంచి?" అన్నాడు. లేచిన దుమ్ము చూసి పక్క వార్డువాళ్లు ఫైరింజన్‌కు ఫోన్ చేశారు.

రెండేళ్లకే నేను చదువు వదిలేశాను. నా తెలివికి తగ్గ సిలబస్ ఇంకా తయారు కాలేదు. ఉన్నన్నాళ్లూ మాత్రం రోగి కుర్చీ లాక్కునేలోపే జబ్బు పేరు చెప్పేసేవాణ్ణి. ఒకటి రెండుసార్లు తోడు వచ్చిన చుట్టానికి కూడా చెప్పాను.

నా దానగుణాన్ని అందరికంటే ఎక్కువ అనుభవించింది నేత్ర. మారికుప్పం పిల్ల, మాట తడబడేది. ఆమె వాక్యం మొదలుపెడితే చాలు, నేను పూర్తిచేసి పెట్టేవాణ్ణి.

"అవ్వా, నీకు ని... ని..."

"నీరసమా అని అడుగుతా ఉండాది, అవ్వా!"

"నిద్ర" అనేది పాపం, మెల్లగా. అప్పటికి నేను టానిక్ పేరు కూడా చెప్పేసి ఉండేవాణ్ణి.

చివరికి ఆమె కాలేజీ మానేస్తానని ఉత్తరం రాసి సారుకు ఇచ్చింది. సారు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సోమవారం దాకా తాళమ్మా."

సోమవారం డబ్బాతో వచ్చాడు. పిండి మొదలైంది ఆరోజే.

ఆరోజు రోగి ఆండర్సన్‌పేట గురువమ్మ. ఎంత మందిచ్చినా బీపీ దిగడం లేదు. మా బుగ్గలన్నీ నిండాయి.

"మాత్ర ఒక దినం కూడా తప్పలేదప్పా. కొళాయిలో నీళ్లు రాలేదు, కోడలు పుట్టింటికి పోయినాది, పక్కింటి పుష్పావతికీ బీపీనే, పాపం ఆమెకి ఆస్పత్రికి తోడొచ్చే దిక్కు లేదు..."

'ఉప్పు తగ్గించు' అనే నా మహావాక్యం పిండి గోడకు గుద్దుకుని వెనక్కి పోయింది. మాట్లాడాలని గింజుకోలేదు కాబట్టి అందరికంటే ముందు నేత్ర పిండే దిగింది.

"పుష్పావతమ్మకు మా... మాత్ర..."

అలవాటు కొద్దీ పూర్తిచేయబోయాను. పిండి నా కళ్లల్లోకే కొట్టింది.

"నిదానంగా అడుగు తల్లీ, నాకేం రైలు తప్పిపోతాదా?" అంది గురువమ్మ.

"మాత్ర... యా... యాడిది?"

"నాదేనమ్మా! దినమూ సగం తుంచి ఇస్తా ఉండాను. పక్కన మనిషిని పెట్టుకోని ఒక్కదాన్నే ఎట్ల మింగేది?"

పుష్పావతినీ పిలిపించి విడిగా మందు రాయించారు. నేత్ర తన ఉత్తరం వెనక్కి అడిగి తీసుకుని చింపేసింది. ఇప్పుడు టేకల్‌లో డాక్టరు.

మొన్న సారుకు సన్మానం జరిగింది. నన్ను పిలవలేదు, వెళ్లాను. మైకు ఇవ్వలేదు, లాక్కున్నాను. "గుప్పెడు పేలపిండితో నేత్ర నత్తిని మాయం చేసిన ధన్వంతరి మా సారు!" అని అరగంట దంచాను. ముందు వరుసలో నేత్ర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

సారు లేచి మైకు అందుకున్నాడు.

"ఆ పాపకు జబ్బేమీ లేదప్పా. పిండి నీకోసం తెచ్చినాను."